ప్లేయర్లో చిక్కుకున్న వరస

మా గురువుగారికి భజన వరసలు ఊరికే వచ్చేవి, ఊరికే పోయేవి. గాజువాకలో మా కాలనీ రామమందిరం భజనకు ఆయనే పెద్ద. స్టీల్ ప్లాంటులో క్రేను నడిపి రిటైరైన మనిషి. ఏడాది కిందట జబ్బుపడి లేచాక కొత్త వరస ఒక్కటీ కట్టలేదు. అడిగితే "పైనున్నాయన ఇస్తే కదా నాయనా" అని నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే మాకు దిగులేసేది.

అలాంటిది, ఏకాహానికి ముందు ఆదివారం, రుషికొండ ఇసుకలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ ఉండగా ఆయన నోట రామనామం సరికొత్త వరసలో పలికింది. నా జేబులో పాటలు వినే చిన్న ప్లేయరు ఉంది. దానికి రికార్డు మీట కూడా ఉంది. నొక్కేశాను. చేతిలో కాయలు చేతిలోనే ఉండిపోయాయి, ఆయన పాడుతూనే ఉన్నారు. తిరిగొచ్చేటప్పుడు బస్సులోంచే అందరికీ ఫోన్లు చేశారు: "ఈసారి నామం కొత్త వరసలో ఎత్తుకుంటున్నాం!"

తెల్లారేసరికి వరస మరిచిపోయారు.

"నీ పెట్టెలో ఉందిగా" అన్నారు. ఉందండీ, ఎక్కడికి పోతుంది అన్నాను. ఈలోగా దసరా పూజలు, మందిరానికి సున్నాలు, పందిరి పనులు. చివరికి శనివారం మధ్యాహ్నం ఇయర్‌ఫోన్ పెట్టి చూస్తే గరగర తప్ప ఏమీ లేదు. సరే, ఫైలు ల్యాప్‌టాప్‌లోకి లాగుదామని కేబుల్ తగిలించాను. ప్లేయరుకి ఛార్జింగ్ బొమ్మ వెలిగింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఏమీ రాలేదు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది లినక్స్. అందులో బయటి వస్తువు ఏదైనా మౌంట్ అయితేనే దాని లోపలున్నవి మనకు కనబడతాయి. ఇది మౌంట్ కానంటోంది. సాయంత్రం దీపం వెలిగించగానే నామం ఎత్తుకోవాలి. ఏకాహమంటే మర్నాడు అదే వేళ దాకా అది తెగకూడదు. భక్తి తొమ్మిది విధాలని చెబుతూ పెద్దలు శ్రవణాన్ని మొదట పెట్టి, కీర్తనాన్ని ఆ తరవాతే పెట్టారు. ఎందుకో ఆవేళ నాకు బాగా తెలిసొచ్చింది.

"ఏటి బావా, గుడికాడ ఉండాల్సినోడివి కంప్యూటర్ ముందు కూకున్నావ్?" అంటూ మా బావమరిది వచ్చాడు. పోర్టులో కంప్యూటర్లు చూసే ఉద్యోగం అతనిది. మా ఇంట్లో ల్యాప్‌టాప్‌కి లినక్స్ వేసిందీ అతనే.

"నీ లినక్స్ మా గురువుగారి వరసని మింగేసింది."

"భలేటోడివి! వరసొత్తే మీ దేవుడి దయా, రాకపోతే నా లినక్సా?"

పక్కకి జరగమని తను కూర్చున్నాడు. నల్లటి తెర తెరిచి టకటకా ఏవో కొట్టాడు. తగిలించిన వస్తువుల జాబితా వచ్చింది. కీబోర్డు ఉంది, మౌసు ఉంది, ప్లేయరు లేదు.

"ఇది వొచ్చినట్టే దీనికి తెలీదు. తలుపు కొట్టనోడికి ఎవుడు తీత్తాడు బావా?"

అదే కేబుల్ తన ఫోనుకి పెట్టాడు. ఫోను వెంటనే మౌంటయింది, అతని పెళ్ళి ఫోటోలన్నీ తెరమీదకి వచ్చేశాయి. అంటే కేబుల్ మంచిదే, ల్యాప్‌టాప్ మంచిదే. ఇంటర్నెట్‌లో వెతికి, "ఇక్కడ ఎవుడో ఫార్మాట్ సేసీమంటన్నాడు" అన్నాడు.

"చెయ్యి తీసెయ్ అక్కణ్ణుంచి! ఉన్న వరస కూడా తుడిచిపెట్టుకుపోతుంది!"

"అరవకు బావా, సదివి సెప్పాను అంతే. పోనీ ఆటోనగర్ తీసుకెళ్ళి మెకానిక్ సేత ఇప్పించేద్దామా?"

ఇక నాకు తెలిసిన ఉపాయం ఒక్కటే. ప్లేయరుని రెండు చేతుల్లో పట్టుకుని, కళ్ళు మూసుకుని నామం చెప్పుకున్నాను. కళ్ళు తెరిచేసరికి కేబుల్ దూర్చే కన్నం లోపల ఏదో పచ్చగా మెరిసింది. నేనిది కృప అంటాను. మా బావమరిది కిటికీలోంచి పడ్డ ఎండ అంటాడు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఫోను లైటు వేసి చూశాం. గంధం! ఎండి గట్టిపడిన గంధం, దాని మీద బుల్లి కుంకుమ బొట్టు.

వంటింట్లో పులిహోర కలుపుతున్న మా ఆవిణ్ణి పిలిచాను.

"ఆయుధపూజ నాడు మీ స్పానర్లకి పెట్టాను, బండికి పెట్టాను. రామనామం ఉన్నదానికి పెట్టకుండా ఎలా ఒగ్గేత్తాను?" అంది. "కేబుల్ దీ, ఇయర్ ఫోన్ దీ రెండు కన్నాలున్నాయి. అగరొత్తి పుల్లతో రెండిట్లోనూ సరీగ్గా మధ్యలో పెట్టాను."

బావమరిది నేలమీద పడి దొర్లాడు. "అక్కా! నువ్వు పక్కన పెట్టినా బాగుండేదే! అందులో సివర్లకి ఉండే పిన్నులు కరెంటువి, మధ్యలోవి పాటలు మోసేవి. అందుకే బువ్వ తింటంది గానీ మాటాడట్లేదు!" ఊపిరి తీసుకుని మళ్ళీ అందుకున్నాడు. "సింహాచలం అప్పన్నకి లాగ నిండా సందనం పూసేసావు. బావా, ఇంక నిజరూప దర్శనమే!"

ఆ మాటతో నాక్కూడా నవ్వు ఆగలేదు. ప్లేయరు ఆపేసి, పుల్లతో మెల్లగా గోకి, మెత్తటి బ్రష్షుతో దులిపాం. రాలిన గంధాన్ని మా ఆవిడ కింద పడనివ్వలేదు. తమలపాకులో పట్టి తులసికోటలో వేసి, కళ్ళకద్దుకుని వచ్చింది. అప్పటిదాకా కేబుల్ పెట్టనివ్వలేదు కూడా.

పెట్టాం. తెరమీద ఓ పక్కన ప్లేయరు బొమ్మ ప్రత్యక్షమైంది! ముగ్గురం ఒకేసారి "గోవిందా!" అని అరిచాం. ఇంటర్నెట్‌నీ ఆటోనగర్‌నీ నమ్మిన బావమరిదే అందరికంటే గట్టిగా అరిచాడు. ఎదురింటావిడ ఏమైందోనని బయటికొచ్చి చూసింది.

ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, బావమరిది బండి వెనక కూర్చుని మందిరానికి పరుగు. పందిట్లో అందరూ గురువుగారి చుట్టూ చేరారు. ఆయన మొహం చిన్నబోయి ఉంది. ఫైలు మీద నొక్కాను. ముందు సముద్రం హోరు, తరవాత ఆయన గొంతు. కాసేపు పరాయివాళ్ళ పాట విన్నట్టు విన్నారు. తరవాత మోకాలి మీద వేళ్ళు కదిలాయి, పెదాలు కదిలాయి. ఇంకాసేపటికి రికార్డింగ్‌లో ఇంకా రాని పాదాన్ని ఈయన ముందే ఎత్తుకున్నారు.

"ఇంక ఆపెయ్యి నాయనా, వచ్చేసింది!"

ఏడాదిగా మేం చూడని నవ్వు అది. దీపం వెలిగింది, మృదంగం అందుకుంది, ఆయన ఒక పాదం అంటే పందిరంతా మారుపలికింది. నా కాళ్ళు నేలమీద నిలవలేదు. నన్ను దింపాక ఇంటికి పోదామని బండి తిప్పుకుంటున్న బావమరిది చేతిలో ఎవరో కంచు తాళాలు పెట్టి, వరసలోకి లాగేశారు. రెండు చుట్లు గెంతి, చెమటలు తుడుచుకుంటూ నా చెవిలో అడిగాడు.

"ఎప్పుడాపుతారు బావా?"

"రేపు సాయంత్రం."

ఒక్క క్షణం నన్ను తేరిపార చూసి, తాళాలు ఇంకా గట్టిగా వాయించాడు.