డోలు పుల్ల పట్టిన ఇనుప చెయ్యి

మా నాన్న శ్రీముఖలింగం గుడిలో డోలు వాయించేవాడు. కుడి చేతి వేళ్ళకు తొడుగులు, ఎడమ చేతిలో పుల్ల. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయాక ఆయన్ని శ్రీకాకుళంలో మా ఇంటికి తెచ్చుకున్నాను. డోలు కూడా వెంట వచ్చింది. మంచం పక్కనే దానికో స్టాండు పెట్టాం. పొద్దున్నే లేచి కుడి చేతి వేళ్ళతో ఒక వైపు మాత్రం వాయించేవాడు. రెండో వైపు పడాల్సిన దెబ్బ కోసం నేను వంటింట్లో గరిట పట్టుకుని ఎదురుచూసేదాన్ని. అది పడేది కాదు.

నాకు ఊరికే కూర్చోవడం చేతకాదు. పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతాను. ఇంటికొచ్చాక కూడా ఇనుముతోనే కాలక్షేపం. మూతబడ్డ ఓ వర్క్‌షాపు నుంచి తెచ్చుకున్న, ఇనుమును తిప్పుతూ చెక్కే చిన్న పాత లేత్ ఒకటి పెరటి వరండాలో ఉంది. దాని మీద ఏదో ఒకటి తిప్పుతూ ఉంటాను. పూర్తయిందంటే మాత్రం ఆ వస్తువు మీద మోజు పోతుంది. "నీకు వస్తువు అక్కర్నేదే, పనుంటే సాలు" అంటాడు మా ఆయన.

ఆ లేత్ మీదే నాన్నకు ఎడమ చెయ్యిగా ఒక రోబో తయారు చేద్దామనుకున్నాను. రోబో అంటే మనిషిలా నడిచేది కాదు. భుజం, మోచెయ్యి, మణికట్టు, ఆ చివర ఒక పుల్ల, అంతే. ఎముకలకు సన్నని ఇనుప కడ్డీలు, కీళ్ళు తిరిగే చోట గొట్టాల్లాంటి ఇత్తడి బుష్‌లు, ఒక్కో కీలు దగ్గర ఒక చిన్న మోటారు, ఏ దెబ్బ ఎప్పుడు పడాలో చెప్పడానికి ఒక సర్క్యూట్ బోర్డు.

అనుకున్నంత తేలిగ్గా తెమల్లేదు. మణికట్టు బుష్ కాస్త వదులైతే పుల్ల వణికేది, బిగువైతే మోటారు మూలిగేది. కోయడం, బిగించడం, విప్పడం, మళ్ళీ కోయడం. క్లాసులో బొమ్మ గీస్తూ గీస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. బస్సులో పక్కామె గాజుల కింద మణికట్టు ఎటు వంగుతోందో చూస్తూ నా స్టాపు దాటిపోయేదాన్ని. జుట్టులో, చెప్పుల్లో, ఒక్కోసారి పప్పులో కూడా ఇత్తడి రజను మెరిసేది.

"ఏటే అమ్మీ ఆ గోల?" అని గదిలోంచి అడిగాడు నాన్న.

"నీకో సెయ్యి సేస్తన్నాను నాన్నా."

"ఉన్న సేతికే పని నేదు. ఇంకోటెందుకే?"

ఒక ఆదివారం పొద్దున దాన్ని డోలు స్టాండుకు బిగించి మీట నొక్కాను. ఇనుప చెయ్యి లేచి కొట్టింది. నాన్న ఉలిక్కిపడి చూశాడు. తర్వాత నెమ్మదిగా వేళ్ళు కదిపాడు. రెండు వైపులా పలుకుతున్న డోలు విని నా ఒళ్ళు జలదరించింది. కాసేపే ఆ ముచ్చట. నాన్న ఒక చోట ఆగి, ఆ ఖాళీలో ఏదో చెయ్యబోయాడు. చెయ్యి ఆగలేదు. ఆయన సాగదీస్తే అది సాగలేదు.

"నాకు సోటివ్వట్నేదే ఇది" అన్నాడు విసుగ్గా.

నేను కంగారుగా వేగం మార్చాను. మోచెయ్యి తన హద్దు దాటి వెనక్కి వెళ్ళి, ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. పుల్ల మొన తోలులో దిగబడిపోయింది.

నాన్న కుడి అరచేతిని చిరిగిన చోట పెట్టాడు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

"ఏడుపు మొకం ఎట్టకే. సిన్నప్పుడు నాను కూడా ఇలాగే సింపీసినాను. దానికి మీ తాత నా ఈపు సింపీసినాడు."

జబ్బు చేశాక ఆయన నవ్వడం అదే మొదలు. నవ్వి, "తాళం నా దగ్గరుండాల, దాని దగ్గర కాదు" అన్నాడు.

డోలు కొత్త తోలు వేయించుకోవడానికి వెళ్ళింది. నేను ఇంట్లో కాలు గాలిన పిల్లిలా తిరిగాను. తాళం నాన్న దగ్గర ఎక్కడుంది? ఆయన మాట్లాడుతున్నప్పుడు చూస్తే కుడి పాదం నేల మీద ఆడుతోంది. పెడల్ పెడితే?

చెప్పగానే ఆయన మొహం మారిపోయింది. "కాలితోనా? డోలునా?" అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. నేను బతిమాలలేదు. ఊరుకోనూ లేదు. పెడల్ తొక్కినా మోటారు కదలడానికి రెప్పపాటు పట్టేది, ఆ రెప్పపాటుకే తాళం తప్పుతుంది. మోటార్లన్నీ విప్పేశాను. బోర్డు తీసేశాను. మణికట్టు, పుల్ల మాత్రం ఉంచి, వాటిని ఒక స్ప్రింగుతో, సైకిల్ బ్రేకు తీగతో పెడల్‌కి కలిపాను.

"రోబో ఏదే?" అన్నాడు మా ఆయన.

"విప్పీసినాను" అన్నాను. నెలల తరబడి చేసిన పనంతా అట్టపెట్టెలో పడుంది.

ఒక సాయంత్రం నాన్నే పిలిచాడు. "కాలు డోలుకి తగల్దు కదేటి?"

"తగల్దు నాన్నా. తీగే లాగుతాది."

పెడల్‌ని చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాతే దాని మీద పాదం పెట్టాడు.

నా బుర్రలో పురుగు మాత్రం ఊరుకోలేదు. దెబ్బకు బలం వస్తుందని చెప్పకుండా ఒక మోటారు మళ్ళీ బిగించాను. డోలు వచ్చేదాకా స్టాండుకు కట్టిన పీట మీద నాన్న కాసేపు వాయించి, "మళ్ళీ అది దూరిందేటే?" అన్నాడు. తీసేశాను.

కొత్త తోలు వేసిన డోలును పట్టుకొచ్చింది నాన్నతో గుడిలో సన్నాయి వాయించే స్నేహితుడు. నాన్నకు వరసకు బావ అవుతాడు. ఆ మధ్యాహ్నం ఇద్దరూ మా ముందు గదిలో కూర్చున్నారు. మొదట పాదం తడబడింది. పుల్ల వెంట్రుకవాసి ఆలస్యంగా పడుతోంది. సన్నాయి ఆగి ఆగి దారిచ్చింది. కాసేపటికి ఎవరూ ఎవరికోసం ఆగనక్కర్లేకపోయింది. వరస ముగిసే ఒక ముక్తాయి దగ్గర ఇద్దరూ ఒక్కసారే ఆగి, ఒకరినొకరు చూసుకున్నారు.

"బావా, దీన్ని ముఖలింగం తెచ్చీ" అన్నాడు స్నేహితుడు.

"గుళ్ళోకి వద్దు. కాలి వాయిద్యం సామి ముందేటి?" అన్నాడు నాన్న. "నువ్వే ఇక్కడికి వస్తుండు."

మళ్ళీ మొదలుపెట్టారు. గుమ్మంలో నిలబడి వింటున్న నాకు స్ప్రింగు కిర్రుమనడం వినిపించింది. నాన్న నా వైపు చూసి, కూర్చోమని తలతోనే సైగ చేశాడు. కూర్చున్నాను. పాట సగం కూడా కాకముందే నూనె డబ్బా కోసం లేచాను.