జపాన్ వ్యాగన్‌కు ఉట్నూర్ సంతకాలు

నా పరువు జీపుల అడ్డాలో ఎలా పోయిందో చెబుతాను, తీరిగ్గా వినండి. ఆ ఉదయం ఉట్నూర్‌లో చాయ్ తాగుతూ పోటీ పత్రిక తెరిచాను. 'జైనూర్ మార్గానికి జపాన్ వాహనం' అని పెద్ద శీర్షిక. కింద వినతిపత్రం ఫొటో. ఆ వినతిపత్రం రాసింది నేనే. నేనడిగిన వాహనం మాత్రం కంప్యూటర్ ఆటలోకి!

కాస్త వెనక్కి వెళ్దాం. అప్పట్లో నేను ఉట్నూర్ విలేకరిని. సెలవు దొరికితే లాప్‌టాప్‌లో కార్ల పందేలు. స్టేజియా అనే అరుదైన జపాన్ వ్యాగన్ మీద మనసు పడింది. చూడ్డానికి సామాన్లు మోసే బండి, లోపల రేసు కారు ఇంజిన్. పెళ్లి బట్టలేసుకున్న పహిల్వాన్ అనుకోండి. అది నా ఆటలో లేదు. ఏ కారు కావాలో అడగమని ఆట తయారుచేసేవాళ్లు వెబ్‌సైట్‌లో ఒక పేజీ పెట్టారు.

ప్రపంచమంతా ఒక్క లైను రాసి ఊరుకుంది. నేను ఊరుకుంటానా? మా దగ్గర బోరింగు కావాలన్నా, బస్సు కావాలన్నా వినతిపత్రం, దాని కింద సంతకాలు ఉండాల్సిందే. 'స్టేజియా వ్యాగన్‌ను వెంటనే మంజూరు చేయాలని ఉట్నూర్ ప్రజల తరఫున కోరుతున్నాము' అని రాసి, అడ్డాకు పట్టుకెళ్లాను.

"ఏం బండి సారూ?" అన్నాడు డ్రైవర్ల పెద్ద యూసుఫ్ భాయ్.

"జపాన్‌ది భాయ్. మస్తు పికప్."

"గట్లైతే తే, పెడత."

ఆయన పెట్టాక అందరూ పెట్టారు. విలేకరి తెచ్చిన కాగితాన్ని చదివేదెవరు? ఫొటో తీసి వెబ్‌సైట్‌కు పంపి, కాగితాన్ని హోటల్ బల్ల మీద మరిచిపోయాను. పోటీ విలేకరి మరవలేదు; జైనూర్ మార్గానికి బండి అడిగామనుకుని అచ్చేశాడు.

ఇక ఆ ఉదయానికొస్తే, పత్రిక మడిచేలోపే యూసుఫ్ భాయ్ వచ్చాడు.

"సారూ, బండి ఎప్పుడొస్తది? ఇయ్యాల నా జీపు అమ్ముతున్న."

చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. "అమ్మకు భాయ్! గా బండి కంప్యూటర్ల ఆడుకునేది."

జ్వరమొచ్చినవాణ్ని చూసినట్టు చూశాడు. "మరి పాసింజర్లు యాడ కూసుంటరు?"

"పాసింజర్లు ఉండరు."

"డీజిల్?"

"అక్కర్లే."

"మరి మా సంతకాలెందుకయ్యా?"

జైనూర్ పోయే గంగవ్వ పక్క బెంచీ మీది నుంచి, "నేనైతే ఏలిముద్ర సుత ఏసిన బిడ్డా" అంది.

అబద్ధం రాయడన్న పేరు కోసం రెండేళ్లు తిరిగినవాణ్ని. బెంచీ ఎక్కి, బండి రాదనీ, తప్పు నాదేననీ, ఎవరూ జీపులు అమ్ముకోవద్దనీ అరిచి చెప్పాను.

"జర చూపియ్ గా బండి" అన్నాడు యూసుఫ్ భాయ్. ఫోన్‌లో చూపించాను. పదిమంది మూగారు. ఆయన వధువును చూడొచ్చిన మేనమామలా నిదానంగా చూశాడు.

"మంచిగనే ఉంది. మీద క్యారియర్ ఏది? ఎనక నిలవడే మెట్టేది? గిట్ల పంపితే మాకొద్దు. మల్ల రాయి. గీసారి సదివినంకనే సంతకం."

జీపు అమ్మకం ఆగింది. రెండో వినతిపత్రం వెళ్లింది. ఆ పేజీలో ఎన్నో దేశాల వాళ్ల కోరికలున్నాయి కానీ, వేలిముద్ర ఉన్నది మాదొక్కటే. ఈ మాట ఎక్కడైనా ఛాతీ విరుచుకుని చెబుతాను.

రోడ్డెక్కని బండి కోసం రోడ్డు మీద బతికేవాళ్ల సంతకాలు ఇంకెన్నడూ అడగనని పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. 'మీ కోరిక పరిశీలనలో ఉంది' అని కంపెనీ జవాబిచ్చింది. క్యారియర్‌తో గానీ, లేకుండా గానీ, ఆ వ్యాగన్ నా ఆటలోకి ఇంకా రాలేదు.