అరచుట్టు ఆజ్ఞలు

ఎగుడుదిగుడు నేలలను చదును చేసి బతికే ఆ మనిషిని వీధివారందరూ మట్టం మామయ్య అని పిలిచేవారు. ఆ పిలుపును ఆయన బిరుదులా మోసేవాడు. ఎవరింటికి వెళ్లినా కూర్చోకముందే గచ్చు వాలు చూసేవాడు. బల్ల మీద కాఫీ పెడితే, తాగకముందు అది గ్లాసులో ఏ పక్కకు ఒరిగిందో గమనించి, "మీ బల్ల కిటికీ వైపు దిగింది" అని తీర్పు చెప్పేవాడు. ఎవరూ అడగని ఆ తీర్పుకు సగం మంది నవ్వేవారు. తక్కినవారు ఆయన గడప దాటగానే బల్ల కాలి కింద అట్టముక్క పెట్టేవారు.

ఆయన జీవనాధారం ఒక చిన్న ట్రాక్టరు, దాని వెనక తగిలించే ఇనుప బ్లేడు. ట్రాక్టరు వెనక భాగాన మూడు చేతులుంటాయి. కింది రెండూ బ్లేడును ఎత్తి దించుతాయి. వాటికి పైన, నడుమనుండే మూడోదాన్ని టాప్ లింకు అంటారు. అది కురచైతే బ్లేడు ముందుకు వంగి మన్ను కోస్తుంది. పొడవైతే వెనక్కు వాలి, కోసిన మన్నును పరుస్తుంది. పనివాడి నేర్పంతా ఆ పొడవులోనే ఉంది. మామయ్య బండికున్నది పాతకాలపు మరలింకు. దాని పిడి పట్టుకొని చేత్తో తిప్పితే తప్ప అది ముడవదు, సాగదు. సీటు మీద కూర్చున్నవాడికి ఆ పిడి అందదు.

అందే చేయి అత్తయ్యది. కాపురానికి వచ్చిన కొత్తలో ఒకనాడు సరదాకు బ్లేడు వెంట నడిచిన పాపానికి ఆవిడ నాటి నుంచీ నడుస్తూనే ఉంది. మామయ్య చూపు ముందుకే నిలిపి, ఇంజను మోతను మించిన గొంతుతో "అరచుట్టు లోపలికి" అని ఆజ్ఞాపించేవాడు. బండి ఆగేది, ఆవిడ తిప్పేది, బండి కదిలేది. మరికొంత దూరం పోయాక "పావుచుట్టు బయటికి" అనేవాడు. ఒక్క చుట్టుకు మించి ఆయన ఏనాడూ అడిగి ఎరుగడు. "చేతకానివాళ్లు గిరగిరా తిప్పుకుంటారు. కన్నున్నవాడికి అరచుట్టు చాలు" అని నలుగురిలో చెప్పుకొనేవాడు. అత్తయ్య ఆ మాటకు ఔననీ అనేది కాదు, కాదనీ అనేది కాదు. చేతికంటిన గ్రీజు తుడుచుకొనేది.

అటువంటి అత్తయ్య ఒక సాయంకాలం చెప్పుల మట్టి దులుపుకుంటూ మెల్లగా విషయం బయటపెట్టింది.

"సోమవారం నుంచి అక్క వాళ్ల మొక్కల నర్సరీకి వెళ్దామనుకుంటున్నానండీ. గులాబీలకు అంట్లు కట్టే మనిషి కావాలంది. స్టూలు మీద కూర్చుని చేసుకునే పని."

"మరి నా లింకు?"

"మీ లింకు మీ దగ్గరే ఉంటుంది. నేనేం పట్టుకుపోవడం లేదు."

"తిప్పేదెవరే?"

"నూనె ఒత్తిడితో కదిలేవి వచ్చాయి కదా, హైడ్రాలిక్‌వి. సీటు మీద నుంచే లీవరు లాగొచ్చని తమ్ముడు చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నాడు. వాడి కొట్లోనే ఉన్నాయి, తెచ్చి బిగించుకోండి. మీరొక్కరే నేల సరిచేస్తుంటే కళ్లారా చూసి వెళ్తాను. అది కుదరకపోతే అక్కకు రానని చెప్పేస్తా. బడి ఆటస్థలం ఒప్పుకున్నారు. మిమ్మల్ని నడిమధ్యలో వదిలేసి ఎలా పోను?"

ఆవిడ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. అయితే గోడ మేకుకు అప్పటికే ఒక కొత్త టోపీ వేలాడుతూ ఉంది. వెడల్పాటి అంచు, నీలిరంగు రిబ్బను గల ఆ టోపీని చూడగానే, ఆవిడ మనసు ఆ స్టూలు మీద ఏనాడో కూర్చున్నదని మామయ్య గ్రహించాడు.

మరునాడే ఆయన బావమరిది పనిముట్ల కొట్టుకు వెళ్లాడు. వేలాడే గొలుసులకు తల తగలకుండా వంగి లోపలికి అడుగు పెట్టేసరికి, బావమరిది నూనెడబ్బా మీద కూర్చుని బేరింగులు కడుగుతున్నాడు.

"రండి బావగారూ. మా అక్కకు విడుదల ఎప్పుడు?"

"వాగుడు ఆపి సరుకు చూపించవోయ్."

పొడవుది, నడిమిది, పొట్టిది మూడు లింకులు బల్ల మీదికి వచ్చాయి. మామయ్య పరీక్ష మధ్యాహ్నం దాకా సాగింది. ఇంటి నుంచి తెచ్చిన పిన్నును ప్రతి లింకు చివరి రంధ్రంలోనూ దూర్చి, వదులున్నదేమోనని ఊపి చూశాడు. లీవరు వదిలాక నూనె జారిపోకుండా పట్టి ఉంచే వాల్వు ఉన్నదా అని అడిగి, ఉన్నదని చెప్పినా నమ్మక, కళ్లజోడు సవరించుకొని వంగి చూశాడు. బ్లేడు ఎత్తినప్పుడు నలుగుతాయేమోనని నూనె గొట్టాలను మెలిపెట్టాడు. ఆ పెద్దరికం చూసి, కొనవచ్చిన ఒకాయన ఆయననే యజమాని అనుకొని బోల్టులెక్కడున్నాయని అడిగాడు. మామయ్య చూపించాడు కూడా.

"పొడవుది మీకు పనికిరాదు," అన్నాడు బావమరిది. "పూర్తిగా ముడిచినా మీ చిన్న బండికి ఎక్కువే. నడిమిది తీసుకోండి. మీకు కావలసినంత కురచవుతుంది, అక్కణ్నుంచి జానెడు సాగుతుంది."

"జానెడెందుకయ్యా, చెరువు తవ్వుతానా? పిడి ఒక చుట్టు తిప్పితే లింకు కదిలేది చిటికెనవేలి మందం. ఒక చుట్టు దాటి నేనెప్పుడన్నా అడిగానేమో మీ అక్కను అడుగు. అటొక వేలు, ఇటొక వేలు. నాకు పొట్టిది చాలు."

"పొట్టిది రెండు వేళ్ల మందానికి మించి కదలదు, విత్తనాలు చల్లే డబ్బాలకు పెడతారు బావగారూ. మన్ను కోసేవాళ్లెవరూ కొనరు."

"వాళ్లకు కన్ను లేదు."

"సరే, మీ ఇష్టం. గీతలు పడకుండా మాత్రం చూసుకోండి. మళ్లీ నేనే కదా వెనక్కి తీసుకోవాలి."

ఆ వెటకారాన్ని మామయ్య చెవిన పెట్టలేదు.

ఆదివారం ఉదయం బడి ఆటస్థలంలో బావమరిదే మరలింకు ఊడదీసి గోనెపట్టా మీద పడేసి, కొత్తది బిగించాడు. అత్తయ్య టోపీ పెట్టుకొని ప్రహరీ పక్కన నిలబడింది. మామయ్య సీటెక్కి, గొంతు సవరించుకొని, ఆజ్ఞాపించడానికి ఎవరూ లేరని గుర్తొచ్చి, లీవరు లాగాడు. సిలిండరు చిన్నగా బుసకొట్టి, వేలి మందం ముడుచుకొని ఆగిపోయింది.

బండి ఆ చివరి దాకా పోయి వచ్చింది. వెనక మిగిలినది కోతా కాదు, చదునూ కాదు. నేలకు తల దువ్వినట్టు నాలుగు గీతలు. మిట్ట మిట్టగానే ఉంది, పల్లం పల్లంగానే ఉంది.

"నూనె ఇంకా వేడెక్కలేదు," అన్నాడు మామయ్య. మరోసారి తిరిగి వచ్చి, "మన్ను బిగుసుకుపోయింది" అన్నాడు. ఇంకోసారి వచ్చి బ్లేడు అంచు మొద్దుబారిందన్నాడు. ఆ పైన నెపాలు నిండుకున్నాయి.

అత్తయ్య టోపీ తీసి చేత పట్టుకుంది.

"పోనీలెండి. అక్కకు రానని చెప్పనా?"

అందులో ఎత్తిపొడుపు ఉండి ఉంటే మామయ్యకు కొంత ఊరటగా ఉండేది. లేదు.

ఈలోగా బావమరిది గోనెపట్టా మీది మరలింకును ఒళ్లో పెట్టుకొని, దాని గ్రీజును గుడ్డతో తుడుస్తున్నాడు. కదలని మర నల్లబడి తుప్పు పడుతుంది. తిరిగే మర అరిగి మెరుస్తుంది. ఆ లింకుకు తుడిచిన మేరంతా మర వెండిలా తళతళలాడింది.

"బావగారూ, ఒకసారి దిగిరండి. ఇది అరచుట్టు తిరిగిన మరేనా? బావి గిలక కూడా ఇంత అరగదు."

మామయ్య దిగివచ్చి మర వంక చూశాడు. పిమ్మట భార్య వంక చూశాడు.

"ఎంత తిప్పేదానివే?"

"ఎంత కావాలో అంత."

"నేను అరచుట్టు అన్నప్పుడు?"

"లోపలికా బయటికా అన్నంత వరకు వినేదాన్ని. తక్కినది నేల చూసి తిప్పేదాన్ని. బిరుసు నేలైతే చేతులు పీకేదాకా."

"పావుచుట్టు అన్నప్పుడు?"

"అదీ అంతే. ఒకోసారి మీరు "బయటికి" అంటే లోపలికి కూడా తిప్పానండీ."

బావమరిది నవ్వు ఆపుకోలేక గ్రీజు గుడ్డనే నోటికి అడ్డం పెట్టుకున్నాడు; అదేమిటో తెలిసి ఉమ్మడం మొదలుపెట్టాడు.

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?" అన్నాడు మామయ్య.

"నేల చదునుగా వచ్చేది. మీరు సంతోషంగా ఉండేవారు. ఇందులో చెప్పడానికేముంది?"

"మొన్న నేను కొట్టుకు బయల్దేరినప్పుడన్నా చెప్పొచ్చుగా."

"అక్కను అడుగు అని వాడితో మీరే అన్నారట. వాడూ అడగలేదు, మీరూ అడగలేదు."

అరికాలి మంట నెత్తికెక్కవలసిన ఘట్టమే అది. మామయ్య కోపం తెచ్చుకొనడానికి శాయశక్తులా ప్రయత్నించాడు. కొత్త లింకుదే లోపమని మొండికేయవచ్చు. అలా చేస్తే కన్నున్నవాడన్న పేరు నిలుస్తుంది, అత్తయ్య ఎప్పటిలాగే బ్లేడు వెంట నడుస్తుంది. ఆవిడ వేళ్లు టోపీ రిబ్బనును చుడుతూ, విప్పుతూ ఉన్నాయి. ఆయన చూపు అక్కడే చిక్కుకుపోయింది.

"ఒరేయ్ బావమరిదీ," అన్నాడు చివరికి. "ఆ నడిమిది పట్రా."

"అదేమిటి బావగారూ, చెరువేమైనా తవ్వుతారా?"

"తవ్వుతాను. నువ్వు కదులు."

నడిమిది వచ్చింది. పొట్టిదాని ఒంటి మీద ఎన్ని గీతలు పడ్డాయో బావమరిది బిగ్గరగా వర్ణిస్తూనే దాన్ని ఊడదీసి, కొత్తది బిగించాడు. ఈసారి లీవరు లాగగానే బ్లేడు కడుపారా వంగి మిట్టలోకి దిగింది; మన్ను కెరటంలా పొర్లి ముందుకు సాగింది. అత్తయ్య బండి ఆ చివరికి చేరేదాకా చూసి, టోపీ తలకు పెట్టుకొని, వీపు తిప్పి ఇంటిదారి పట్టింది.

సోమవారం మామయ్యకు కష్టంగానే గడిచింది. లీవరెంత లాగాలో తెలియాలంటే వెనక్కు తిరిగి నేలను చూడాలి. ఆయన మెడకు ఆ అలవాటు లేదు. ఒకచోట తక్కువ కోసి, మరొకచోట ఎక్కువ కోసి, దిగి చూసి, తనను తానే తిట్టుకొని మళ్లీ ఎక్కాడు.

పొద్దు వాలేవేళ అత్తయ్య నర్సరీ నుంచి నేరుగా అక్కడికే వచ్చింది. గోళ్లలో ఎర్రమట్టి, ముఖాన తేటదనం. ఆటస్థలం ఈ చివరి నుంచి ఆ చివరి దాకా నడిచి, ఒక మూల ఆగి, పాదంతో నేలను తడిమింది.

"ఇక్కడ కొంచెం ఎక్కువ కోశారండీ."

మామయ్య బండి దిగి, నొప్పెట్టిన మెడ రుద్దుకుంటూ వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆ గుంటను తేరిపార చూశాడు.

"కోశాను," అన్నాడు కొంచెం గర్వంగానే. "అది మాత్రం నేనే కోశాను."