రెండేళ్లే చెల్లుతుందన్నాను

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక్క మాట. ఫోనులో అన్న మాట. అనడానికి క్షణం పట్టలేదు. ఎవరికీ చెప్పలేదు, నా భర్తకు కూడా. మీకు చెబుతున్నానంటే మీరు నన్నెరగరు కాబట్టి, చదువుతున్నప్పుడు మీ మొహం నాకు కనబడదు కాబట్టి. అదీ పిరికితనమేనేమో. అయినా చెప్పనివ్వండి.

నాకొక చెల్లెలు. స్వరూప. మాది హాలియా దగ్గర ఊరు. సాగర్ కాలువ కింద బాపు పండించిన వడ్లతోనే మేమిద్దరం చదువుకున్నాం. నేను ఇంగ్లీషులో ఎమ్మే చేసి, పెళ్లయ్యాక నల్గొండలో ఉండిపోయాను. స్వరూప నర్సింగు చదివింది. ఏ కాలేజీలో చేరాలి, ఏ చీర కొనాలి, చివరికి పెళ్లికి ఊ అనాలా ఊహూ అనాలా – అన్నీ నన్నే అడిగేది. నేనేది చెబితే అదే. నేను అంత తెలిసినదాన్నని కాదు. చిన్నప్పుడు అమ్మ పోయాక దాని జడలు వేసింది నేను. అంతే కారణం.

తెలంగాణ వచ్చిన కొత్తలో స్వరూప భర్త రోడ్డు ప్రమాదంలో పోయాడు. అప్పటికి పాప అక్షిత ఇంకా సరిగ్గా నిలబడడం కూడా నేర్వలేదు. కొన్నాళ్లకు బ్రిటన్‌లో, ముసలివాళ్లను చూసుకునే ఒక హోములో స్వరూపకు నర్సు పని దొరికింది. పోవాలా వద్దా అని నన్నే అడిగింది. పొమ్మన్నాను. పాపను నా దగ్గర వదలమన్నాను. అక్కడ కాగితాలు పక్కా అయ్యాక వచ్చి తీసుకుపోతానంది.

నాకు పిల్లలు లేరు. తిరగని దవాఖాన లేదు. ఆశ వదులుకున్న ఇంట్లోకి అక్షిత వచ్చింది. నా పుస్తెలతాడు పిడికిట్లో పట్టుకుంటేగానీ నిద్రపోయేది కాదు. మాటలు వచ్చాక నన్ను అమ్మా అంది. పెద్దమ్మా అనమని నేర్పాలి కదా. నేర్పలేదు. అసలు తప్పు అక్కడే మొదలైందా? ఏమో. ఫోనులో కనబడే తల్లిని మాత్రం 'ఫోనమ్మ' అనేది. మేమంతా నవ్వాం. స్వరూప కూడా నవ్వింది. ఆ నవ్వు కాస్త ఆలస్యంగా వచ్చింది. నెట్టు సరిగా లేదనుకున్నాం.

అప్పట్లో నేను ఒక కోచింగ్ సెంటర్లో, విదేశాలకు పోయే నర్సులకు ఇంగ్లీషు పరీక్ష కోసం పాఠాలు చెప్పేదాన్ని. ఏ దేశానికి ఏ పరీక్ష కావాలో, ఏది ఎంతకాలం చెల్లుతుందో నాకు నోటికి వచ్చు. ఇంగ్లీషు పరీక్ష ఫలితానికి రెండేళ్ల గడువు. కానీ బ్రిటన్‌లో శాశ్వతంగా ఉండిపోవాలన్నా, పౌరసత్వం తీసుకోవాలన్నా ఇంకో పరీక్ష ఉంది. అక్కడి చరిత్ర, చట్టాలు, ఆచారాల మీద అడుగుతారు. అది ఒకసారి పాసైతే చాలు. ఆ పాసుకు గడువు లేదు. ఎన్నేళ్ల తర్వాత దరఖాస్తు పెట్టుకున్నా పనికొస్తుంది. ఈ రెండింటి దగ్గర పిల్లలు తికమకపడతారని బోర్డు మీద పక్కపక్కన రాసి మరీ చెప్పేదాన్ని. ఇది మీకు ఎందుకు చెబుతున్నానో ఈపాటికి మీకు అర్థమయ్యే ఉంటుంది.

స్వరూప ఆ పరీక్ష తొందరపడి ముందే రాసింది. రెండుసార్లు తప్పింది. ఎవరో రాజులు, వాళ్ల పెళ్లిళ్లు, వాళ్ల యుద్ధాలు – ఏవీ బుర్రకెక్కలేదట. హోములో ముసలమ్మలకు సూపు తాగిస్తూ వాళ్లనే అడిగి నేర్చుకుంది. మూడోసారి పాసైంది. ఆ రోజు ఫోను చేసి ఏడుస్తూనే, "ఇగ నా బిడ్డను తెచ్చుకుంటక్కా" అంది. మంచిగైంది అన్నాను. ఫోను పెట్టేసి అక్షితకు నీళ్లు పోస్తుంటే సబ్బు కళ్లల్లో పడి అది ఏడ్చింది. నేనూ ఏడ్చాను. దానికంటే ఎక్కువసేపు.

మరి కొన్నేళ్లు గడిచాయి. అక్షిత రెండో తరగతికి వచ్చింది. అక్కడ శాశ్వత నివాసానికి కావలసిన ఐదేళ్లూ స్వరూపకు నిండబోతున్నాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం ఎండుమిరపకాయల తొడిమెలు తీస్తుంటే ఫోను వచ్చింది.

"అక్కా, మా హోము ఓనరు మారిండు. కొత్తాయన నా వీసా మల్ల పొడిగియ్యనంటుండు. గీ ఉన్న కొన్ని వారాలల్లనే పర్మనెంటుకు పెట్టుకోవాలె. నేను గా పరీక్ష పాసైంది ఎప్పుడో గదా. గది ఇంకా చెల్లుతదా?"

అక్షిత జడ విప్పుకొని, దువ్వెన పట్టుకొని గడపలో నిలబడి ఉంది. నా కోసం.

"రెండేండ్లే చెల్లుతది స్వరూపా."

"రెండేండ్లేనా? ఈడ ఎవరో దానికి గడువే లేదన్నట్టు యాది..."

"ఆళ్లకేం ఎరుక? రూల్సు మారినయ్. మల్ల రాయాలె."

తను చిన్నగా అంది.

"మల్ల రాసుడు నాతోని కాదక్కా. డ్యూటీలు చేసుకుంట, గీ జర టైముల... నాతోని కాదు."

"ఫికర్ చెయ్యకు. ఏదో ఒకటి అయితదిలే."

ఇంతే. అక్షిత వచ్చి నా ముందు కూర్చుంది. చేతులకు కారం ఉందని కడుక్కొని వచ్చి జడ వేశాను.

నేను కోరుకున్నది ఏమిటి? తను ఓడిపోయి తిరిగి రావాలనా? కాదు, ఒట్టు. వేరే హోములో పని వెతుక్కుంటుంది, ఇంకో ఏడాదో రెండేళ్లో గడుస్తాయి, అన్నాళ్లూ పాప నా దగ్గరే ఉంటుంది – అంతే అనుకున్నాను. ఇంకో ఏడాది. ఒక తల్లి దగ్గర ఒక ఏడాది దొంగిలిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. ఫోను చేసి, తప్పు చెప్పాను, చూసుకున్నాను, దానికి గడువు లేదు అని సరిదిద్దడానికి ఎన్ని రోజులు లేవు? రోజూ రేపు అనుకున్నాను. తనే ఇంకెవరినైనా అడుగుతుంది, అప్పుడు నా మాట పొరపాటుగా మిగిలిపోతుంది అని కూడా అనుకున్నాను. నిజానికి అలా అడగాలనే కోరుకున్నానేమో. తను అడగలేదు. అక్క చెప్పాక ఇంకెవరిని అడుగుతుంది? వేరే పని దొరకలేదు. వీసా గడువు అయిపోయింది. నా చెల్లెలు వచ్చేసింది.

హైదరాబాదు విమానాశ్రయంలో మనిషిని చూసి గుర్తుపట్టలేకపోయాను. చెంపలు లోపలికి పోయాయి. నడుస్తూ నడుస్తూ రెండు చేతులూ చాచింది. అక్షిత నా వెనక్కి పోయి, నా కొంగు మొహానికి కప్పుకుంది.

"అమ్మా, ఫోనమ్మ ఎందుకొచ్చింది?" అని అడిగింది. నన్ను.

స్వరూప చేతులు దించుకుంది. దాని తప్పేముంది, పసిది అంది.

కొత్తకోటలో ఒక ప్రైవేటు దవాఖానలో తనకు పని దొరికింది. బెంగళూరు రోడ్డు మీది యాక్సిడెంటు కేసులన్నీ అక్కడికే వస్తాయి. భర్తను అలాగే పోగొట్టుకున్న మనిషి అలాంటి చోట ఎలా చేయగలిగిందో నేను ఎన్నడూ అడగలేదు. ఒక గది కిరాయికి తీసుకొని అక్షితను తీసుకుపోయింది. తీసుకుపోయే హక్కు తనది. నేను పాప బట్టలు సర్దాను. పాప బస్సు కిటికీ ఊచలు పట్టుకొని అరిచిన అరుపు నల్గొండ బస్టాండులో నేను అడుగుపెట్టినప్పుడల్లా ఇప్పటికీ వినబడుతుంది.

అక్కడ అది అన్నం ముట్టలేదు. బడికి పోనంది. జ్వరం పట్టుకుంది, తగ్గలేదు. ఒక వానపొద్దున స్వరూప దాన్ని భుజాన వేసుకొని మా గుమ్మంలో దిగింది. పాపను నా చేతుల్లో పెట్టింది. పాప చెయ్యి వెంటనే నా పుస్తెలతాడును వెతుక్కుంది. స్వరూప అది చూసింది.

"నీ బిడ్డ నీకేనక్కా" అంది. కోపంగా కాదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

టీ పెడతానన్నా ఆగలేదు. డ్యూటీ ఉందని వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది.

నేను కోరుకున్నది నాకు దొరికింది. సంతోషించానా? సంతోషించాను. అబద్ధం చెప్పను. ఆ సాయంత్రం పాప రెండు ముద్దలు తింటే నా ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణమే కొత్తకోట గదిలో ఒక్కతే స్టవ్ వెలిగించుకుంటున్న చెల్లెలు కళ్ల ముందుకు వచ్చింది. అప్పటినుంచి నాకు ఏ సంతోషమూ ఒక్కటిగా రాలేదు.

అక్షిత పెద్దదైంది. చీర కట్టించే ఫంక్షను చేశాం. నా దగ్గర చదివి బ్రిటన్ పోయిన మంజుల అనే అమ్మాయి సెలవులో ఊరికి వచ్చి ఉండి, ఫంక్షనుకూ వచ్చింది. బంతిలో కూర్చుని మాటల మీద, తనకు పౌరసత్వం వచ్చిందని చెప్పింది. స్వరూప బగారన్నం వడ్డిస్తూ ఆగింది.

"పరీక్ష మల్ల రాసినవా?"

"ఎందుకక్కా? ఎప్పటిదో పాసు ఉండె. దానికి ఎక్స్‌పైరీ ఉండదు గదా. మా మేడమే చెప్పింది క్లాసుల" అని నా వైపు చూపించి నవ్వింది మంజుల. తను నా క్లాసులో చదివినప్పుడు స్వరూప ఇంకా బ్రిటన్‌లోనే ఉంది. ఆ సంగతి స్వరూపకూ తెలుసు. అప్పట్లో ఇద్దరూ ఫోనులో మాట్లాడుకునేవారు.

స్వరూప గంటెడు అన్నం మంజుల విస్తరిలో వేసింది. పక్క విస్తరిలో వేసింది. బంతి చివరిదాకా వడ్డించింది.

తర్వాత పెరట్లో నల్లా దగ్గర నేను చేతులు కడుక్కుంటుంటే వచ్చి పక్కన నిలబడింది. నా మొహంలోకి చూడలేదు.

"అక్కా, గప్పుడు నువ్వు తెల్వకనే చెప్పినవ్ గదా?"

అడిగిందా? లేక నాకు దారి ఇచ్చిందా? ఆ ఒక్క క్షణంలో నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. లోపల డప్పులు మోగుతున్నాయి. చీర కట్టుకున్న అక్షిత, అమ్మా, ఎక్కడున్నవ్, అని పిలుస్తోంది.

"అవును స్వరూపా" అన్నాను. "తెల్వకనే."

"గట్లనే అనుకున్న" అంది. నల్లా కట్టేసి లోపలికి పోయింది.

మొదటి అబద్ధం ఆశతో చెప్పాను. రెండోది భయంతో. ఏది పెద్దదని నన్ను అడిగితే రెండోదే అంటాను. మొదటిసారి తను నా మాట నమ్మింది. రెండోసారి నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తను ఇదివరకటిలాగే నెలకోసారి బస్సులు మారి వస్తుంది. అక్షితకు నచ్చే జామకాయలు తెస్తుంది. ఇప్పుడు చిన్నమ్మా అని పిలిపించుకుంటుంది. కానీ నన్ను ఏదీ అడగడం మానేసింది. ఏ సంగతీ, ఏ సలహా.

మొన్న అక్షిత తన బడి స్నేహితురాలికి చెబుతుంటే విన్నాను: "మా చిన్నమ్మ లండన్ల ఉండేది. పాసు గడువు అయిపోతే వచ్చేసింది." నా అబద్ధం మా ఇంట్లో చరిత్ర అయిపోయింది. నిజానికి ఆ పాసు ఇవాళ్టికీ చెల్లుతుంది. స్వరూప బతికున్నంతకాలం చెల్లుతుంది. దాన్ని వాడుకునే దారి మాత్రం నేను మూసేశాను.

తనకు ఎప్పుడైనా చెబుతానా? చెబితే అక్షిత నాకు ఏమవుతుంది? ఇంత రాసినా చూడండి, ఇప్పటికీ నా లెక్క నాదే. క్షమించమని అడగను. మిమ్మల్ని అడిగితే ఏం లాభం, అడగవలసిన మనిషి కొత్తకోటలో ఉంది.

నాకు తెలుసు. తెలిసే చెప్పాను. ఈ రెండు ముక్కలూ ఇంతవరకు నా నోటితో నేను అనుకోలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా. ఇప్పుడు రాశాను. ఏమీ మారలేదు. ఊపిరి మాత్రం కొద్దిగా ఆడుతోంది.