వాన సెలవు

లోకేశ్వరికి సెలవు అనే మాటంటేనే చిరాకు. తిరుపతిలో ఒక ప్రైవేటు బడిలో ఏళ్ల తరబడి లెక్కలు చెప్పింది. పిల్లలు సెలవుల కోసమే బతకడం చూసి, తప్పు బడిదేనని తేల్చేసుకుంది. సొంత కూతురు మహిత కూడా ఆదివారం సాయంత్రమైతే చాలు కడుపునొప్పి అనసాగేసరికి తన ఉద్యోగమూ వదిలింది, కూతురినీ బడి మాన్పించింది.

రేణిగుంటలో ఫ్యాక్టరీ పనికి వెళ్లే భర్త యోగానంద అడ్డు చెప్పలేదు.

"ఒక సంవత్సరం సూద్దాం. మళ్లా జూన్‌కి పాప ఏమంటే అది," అన్నాడు.

ఆమె సరేనంది. పాప ఏమంటుందో తనకు తెలుసనే ధీమా.

ఇలా పిల్లలకు ఇంట్లోనే చదువు చెప్పుకునేవాళ్లు చిత్తూరులో, పుత్తూరులో మరికొందరున్నారని విని అందరినీ కూడగట్టింది. దానికి ఇంటిబడి అని పేరు పెట్టింది. వారానికోసారి అందరూ కలవాలి, పిల్లలకు ఏదో ఒకటి చూపించాలి. చుట్టాలు మాత్రం "మీ పాపకి రోజూ సెలవేనంట గదా!" అని ఎత్తిపొడిచేవారు. పైకి నవ్వేది గానీ ఒళ్లు మండిపోయేది.

మామిడి కాలంలో పిల్లల్ని గుజ్జు ఫ్యాక్టరీకి తీసుకెళ్లింది. కాణిపాకంలో టెంకాయలమ్మే ఆవిడ పక్కన కూర్చోబెట్టి బేరాలు వినిపించింది. అన్నింట్లోనూ మహితే ముందు. కడుపునొప్పి మాట మళ్లీ రాలేదు. లోకేశ్వరి ఫొటోలు తీసి పనిగట్టుకుని ఆ చుట్టాలకే పంపేది.

నవంబరులో వాయుగుండం పట్టింది. బడులకు కలెక్టరు సెలవిచ్చారని పొద్దున్నే కబురొచ్చింది. కింది వాటాలో పిల్లలు కేకలేస్తూ వీధిలోకి ఉరికి కాగితం పడవలు వదిలారు. మహిత కిటికీ దగ్గర నిలబడింది.

"మా, మనకీ సెలవా?"

"మనకి రోజూ సెలవే కదా!"

చుట్టాల మాట తన నోట్లోంచే వచ్చిందని లోకేశ్వరి గమనించలేదు.

"అట్ల కాదు మా. ఇయ్యాల సెలవా?"

"ఇయ్యాల వాన ఎంత పడిందో కొలుద్దాం రా."

డాబా మీద గిన్నె పెట్టి కొలిచారు. మహిత బాగానే కొలిచింది. చూపు మాత్రం పడవల మీదే ఉంది.

తర్వాత తమిళనాడు సరిహద్దులో ఉన్న తడ ఊరికి వెళ్లి, తెలుగు బోర్డులు తమిళంలోకి మారే చోట రెండూ చదివారు. మహిత అక్కడా ముందే.

జూన్ వచ్చింది. యోగానంద మాట ప్రకారం కూతుర్ని అడిగాడు.

"బడికి పోతా నాయనా."

"ఏం, ఇంటిబడి బాగలేదా?"

"బాగుండాది. కానీ ఈడ సెలవియ్యరు."

యోగానందకు నవ్వొచ్చింది. లోకేశ్వరి వంటింట్లోకి వెళ్లి ఏడ్చింది. అంత పెద్ద బడితో పోట్లాడి, చివరికి ఒక్క వాన రోజు చేతిలో ఓడిపోయింది.

మహితను దగ్గర్లోని వేరే బడిలో చేర్చారు. ఇంటిబడికి మనవడిని తీసుకొచ్చే పుత్తూరు వరదమ్మ మొహమాటపడే మనిషి కాదు.

"నీ బిడ్డే బడికి పోతాంటే, మా బిడ్డల్ని నీ కాడికి ఎందుకు పంపాలమ్మా?" అని అందరి ముందూ అడిగేసింది.

ఆ వారం నుంచే కొందరు మానేశారు. అడిగిన వరదమ్మ మాత్రం మానలేదు. లోకేశ్వరి మొండిది, మిగిలినవాళ్లతోనే నడిపింది.

మళ్లీ నవంబరు, మళ్లీ వాన. ఆ రోజు ఇంటిబడి పిల్లల్ని రేణిగుంట స్టేషనుకు తీసుకెళ్లాల్సి ఉంది. బడికి సెలవని తెలిసి మహిత ఇల్లంతా గంతులేసి కిందికి పరిగెత్తింది. లోకేశ్వరి కాసేపు కిటికీలోంచి చూసింది. ఫోను తీసి ఇంటిబడి వాళ్లందరికీ మెసేజ్ పెట్టింది: "ఈ రోజు మనకు వాన సెలవు. ఎవరూ ఏమీ నేర్చుకోకండి."

వెంటనే వాయిస్ మెసేజ్ ఒకటి వచ్చింది. వరదమ్మ మనవడు పెట్టిన కేక, అంతే.

"మా, నీక్కూడా సెలవా?" మహిత కింద నుంచి అరిచింది.

"నాకూ సెలవే!"

"అయితే దిగు!"

చీర కుచ్చిళ్లు దోపుకుని దిగింది. ఇన్నేళ్లు లెక్కలు చెప్పిన మనిషికి కాగితం పడవ చెయ్యడం రాలేదు. మహిత నేర్పించింది.