పచ్చదీపం వెలిగిన నాలుగు ఆదివారాలు

పోయిన ఆదివారం మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో ఒక రాజ్యాన్ని ఏలుతుంటే వెనక నుంచి తొంగిచూశాను. రాతియుగపు గుడిసెతో మొదలై, వంతులవారీగా ఒక్కో ఎత్తూ వేసుకుంటూ అంతరిక్షందాకా పోయే ఆ నాగరికతల ఆట మన ఈడువాళ్లలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది. మేమాడిన ఆటకి ఇది మునిమనవరాలు. నగలు పెరిగాయిగానీ ముక్కు మాత్రం మాదే. మా అమ్మాయి రాజ్యం చేతికి రాగానే చేసిన మొదటి పని, ఈ ఆటలో ఎన్ని రకాలుగా గెలవొచ్చో రాసివున్న పేజీ తెరిచి చదువుకోవడం. పాతికేళ్ల కింద ఆ ఒక్క పేజీ చదవని పాపానికి నేను నా బావని పోగొట్టుకున్నాను.

అప్పట్లో నేనూ, బావ అంటే మా మేనత్త కొడుకూ, బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఒకే ఆఫీసులో పనిచేస్తూ, కాడుగోడి స్టేషన్ వెనక ఒక మిద్దె మీది గదిలో ఉండేవాళ్లం. రైలు వచ్చినప్పుడల్లా ఆ గది కూడా దాన్ని నాలుగడుగులు సాగనంపి వచ్చేది. ఉన్నది ఒకే కంప్యూటర్. దాని మానిటర్‌ని మెట్లెక్కించిన రోజు విరిగిన నా నడుం ఇప్పటికీ అతుక్కోలేదు. ఒక కంప్యూటర్‌కి ఇద్దరు చక్రవర్తులం కాబట్టి ఒక కట్టుబాటు పెట్టుకున్నాం: ఒకడు తన వంతు ఆడుతున్నంతసేపూ రెండోవాడు వంటింట్లో ఉండాలి, పిలిస్తేగాని రాకూడదు. అందువల్ల యుద్ధం ముదిరేకొద్దీ మా ఇంట్లో వంట కుదిరేది. బావ ఒక్క వంతు ముగించేలోపు నేను కందిపప్పు వేయించి, పొడి దంచి, జల్లించి, ఇంకా పొద్దుపోకపోతే ముప్పై కిలోమీటర్ల అవతలి ఆనేకల్ దాకా నడిచి వచ్చేవాణ్ణి.

ఆ వానాకాలంలో బావకి గువాహటిలోని ఒక కాలేజీ నుంచి లెక్కల మాస్టారుగా రమ్మని ఉత్తరం వచ్చింది. పాఠం చెప్పాలన్నది అతని చిన్ననాటి కోరిక. అయినా ఎగిరి గంతేయలేదు. ఉత్తరం నా చేతికిచ్చి నా మొహంకేసి చూశాడు. ఉండిపొమ్మని అనాలని నాకుంది. కానీ మా వంశంలో ఒక మగవాడు ఇంకో మగవాడితో నువ్వు లేకపోతే నాకు తోచదు అన్న దాఖలా ఏడు తరాల్లో లేదు. అందుకని మీసం దువ్వుకుని, ఆటే తేలుస్తుందిలే అన్నాను: నేను గెలిస్తే అతను ఉండాలి, తను గెలిస్తే వెళ్లాలి. బావ నా చేతిలోని ఉత్తరం తీసుకుని మడుస్తూ సరేనన్నాడు.

గెలవడమంటే ఎదుటివాడి ఊళ్లన్నీ పట్టుకోవడమేనని నా సిద్ధాంతం. ఇంకో దారి ఉంటుందన్న అనుమానమైనా రాలేదు. సాయంత్రం వైట్‌ఫీల్డ్ సిగ్నల్ దగ్గర నిలిచే బళ్లకన్నా నా ట్యాంకులే ఎక్కువ. బావ మాత్రం సముద్రానికి అవతల మూడే మూడు ఊళ్లు పెట్టుకుని, బడులూ ప్రయోగశాలలూ కట్టుకుంటూ, ఏదో రాకెట్ చేయిస్తున్నాడని తెలిసింది. దీపావళి దగ్గరపడుతోంది, కాల్చుకోనీ పాపం అనుకున్నాను.

మా ఇంటావిడ, తాతలనాడే బెంగళూరుకొచ్చి స్థిరపడ్డ తెలుగు మనిషి, మిద్దె కారుతోందేమో చూడ్డానికని పైకొచ్చి, వంటింట్లో నన్ను పట్టుకుని ఆట సంగతంతా చెప్పించుకుంది. విని పెదవి విరిచింది.

“నువ్వేమో ఇంత దండు పెట్టుకోని ఉండావు. ఆ పిల్లోడు మూడూళ్లు పెట్టుకోని నిమ్మళంగా ఉండాడు. ఇది గెలిచేదెట్లనో నీకు సరిగ్గా తెలుసునా అప్పా?”

తెలియకేం అని, కాఫీ ఇచ్చి పంపేశాను.

ఒక ఆదివారం పిలవకముందే టీ పట్టుకుని గదిలోకి వెళ్లాను. బావ తెరమీద రాకెట్ బొమ్మ, దాని పక్కన మిణుగురంత పచ్చదీపం. పూర్వం నేను ఉప్పుడబ్బా కోసం వంతు మధ్యలో తొంగిచూస్తే రెండ్రోజులు మాట్లాడని మనిషి, ఆవేళ తెర దాచలేదు, కసరలేదు. అదేం దీపమని అడిగాను.

“ఏం లేదులే బామ్మర్దీ. నీ దండు యాడిదాకా వచ్చిండాది?”

నా దండు సముద్రం దాటడానికి ఇంకో మూడు ఆదివారాలు పట్టింది. నా ఓడలు కూడా ఎడ్లబండ్లలాగే నడిచేవి. ఆ మూడు వారాల్లో బావ కాలేజీకి గడువు కోరుతూ రెండు ఉత్తరాలు రాశాడు. వాటిని పోస్టు డబ్బాలో వేసిందీ నేనే. నాలుగో ఆదివారం, నా ట్యాంకులు అతని రాజధాని కనుచూపుమేరకి వచ్చేశాక, వంటింట్లోంచి నన్ను పిలిచాడు. వేలు మౌస్ మీద పెట్టి ఉంది.

“నొక్కేదా?” అన్నాడు.

“నొక్కుకో బావా. నీ దీపావళి నీది.”

మరో క్షణం ఆగి, నొక్కాడు. రాకెట్ లేచింది. ఆట ముగిసింది, గెలుపు బావదని తెర ప్రకటించింది. నా వేల ట్యాంకులూ ఉన్నచోటే నిలబడిపోయాయి. నేనూ అంతే, గరిటెతో సహా. బావ ఆ నెలాఖరుకి రైలెక్కాడు.

మళ్లీ పోయిన ఆదివారానికి వస్తాను. మా అమ్మాయి తెరమీద రాకెట్ పక్కన అలాంటి పచ్చదీపమే వెలిగింది. ఇంకా ఎన్ని వంతులు కట్టాలి తల్లీ అని అడిగాను.

“కట్టడం అయిపోయింది నాన్నా. గ్రీన్ వచ్చిందంటే రెడీ. లాంచ్ నొక్కితే అప్పుడే గెలిచేస్తాం. నొక్కకుండా ఎవరుంటారు?”

ఒకడున్నాడు. నాలుగు ఆదివారాలున్నాడు.

ఆ రోజే బావకి ఫోన్ చేశాను. అక్కడి వానల గురించి అతనూ, ఇక్కడి వానల గురించి నేనూ, ఇద్దరం వాతావరణ శాఖలో చాకిరీ చేసినవాళ్లలా అరగంట మాట్లాడుకున్నాం. దీపం సంగతి నా గొంతుదాకా వచ్చి, ఏడు తరాల అలవాటు చొప్పున అక్కడే కూర్చుండిపోయింది.

ఇప్పుడు గెలిచే దారులన్నీ మొదటి పేజీలోనే రాసిపెడుతున్నారు, ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు. నిన్న మా అమ్మాయి నాతోనూ ఒక రాజ్యం మొదలుపెట్టించింది. నా వంతు కాగానే అలవాటుగా లేచి వంటింట్లోకి వెళ్లి టీ గిన్నె పెట్టాను. ఎక్కడికి నాన్నా, అవతల ఆడేది కంప్యూటరే, దాని వంతు ఎప్పుడో ఆడేసింది అని పిలుస్తూనే ఉంది. కాసేపు అక్కడే నిలబడ్డాను. నేను లేచిన కుర్చీలో కూర్చోవడానికి ఎవరూ లేరు. ఆట నాకోసమే ఆగి ఉంది.