యేసురత్నం సారు మొహమాటం

ఉదయగిరిలో యేసురత్నం సారు మీద ఒక్క చెడ్డమాట వినాలంటే ఊరంతా గాలించినా దొరికేది కాదు. ఆడపిల్లల హైస్కూలుకి ఆయన హెడ్మాస్టరు. బడి వెనకాలే బోర్డింగు, దూరపు పల్లెల పిల్లలు అక్కడే తిని అక్కడే పడుకుని చదువుకునేవాళ్ళు. జూన్ వచ్చిందంటే ఆయన గది ముందు తల్లులూ తండ్రులూ బారులు తీరేవాళ్ళు. సీటు దొరికినవాళ్ళు నవ్వుతూ బయటికొచ్చేవాళ్ళు. దొరకనివాళ్ళూ నవ్వుతూనే బయటికొచ్చేవాళ్ళు. ఈ రెండో రకం వాళ్ళకి నవ్వెందుకొస్తోందో ఎవరూ ఆగి ఆలోచించలేదు. తంటా అంతా అక్కడే ఉంది మరి.

సారుకి 'లేదు' అనే మాట నోటికి రాదు. పుట్టుకతో వచ్చిన జబ్బేం కాదది. వాళ్ళ నాయన సామ్యేలు పల్లెపల్లె తిరిగి వాక్యం చెప్పే బోధకుడు. ఆయన ఉన్నమాట మొహం మీదే అనేవాడు. తాగి గుడికొచ్చినవాణ్ణి నలుగురి ముందే లేపి బయటికి పంపేవాడు. పెళ్ళాన్ని కొట్టినవాడి ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగనని వాకిట్లోనే నిలబడి చెప్పేవాడు. అలాంటి మనిషి పోయిన రోజు శవపెట్టె మొయ్యడానికి సొంత ఊళ్ళో భుజాలు చాలలేదు. పక్క ఊరికి మనిషిని పంపి పిలిపించుకోవాల్సి వచ్చింది. అప్పటికి యేసురత్నం టీచరు ట్రైనింగు చదువుతున్నాడు. నాయన పెట్టె పక్కన ఎండలో నిలబడి, మొయ్యడానికి వచ్చేవాళ్ళ కోసం దారి చూస్తూ, తన వల్ల ఒకరి మొహం చిన్నబోకూడదని గట్టిగా అనుకున్నాడు. అనుకున్నది అనుకున్నట్టే జరిపాడు పాపం, అక్కడే వచ్చింది చిక్కు.

ఎవరేమడిగినా ఆయన జవాబు ఒక్కటే, 'చూద్దాం'. ఆఫీసుల్లో తిరిగినవాళ్ళకి ఈ మాట అర్థం ఇట్టే తెలుస్తుంది. ఇక మీరు వెళ్ళొచ్చు అని దానర్థం. సారు కూడా బడి పనుల మీద నెల్లూరు వెళ్ళి ఎన్నోసార్లు 'చూద్దాం' అనిపించుకుని, మారుమాట్లాడకుండా బస్సెక్కి వచ్చినవాడే. కానీ తెలియనివాళ్ళు కూడా ఉంటారు కదా. ఒకసారి ఎవరో పెళ్ళికి బడి బెంచీలు అడిగారు. చూద్దాం అన్నాడు. పరీక్షలు జరుగుతుండగా వాళ్ళు ట్రాక్టరేసుకుని గేటు ముందు దిగారు. ఆఖరికి పెళ్ళివాళ్ళు నేల మీదే కూర్చుని భోంచేశారు. ఊరు ఊరంతా నవ్వుకుంది. "ఆయన మంచోడే, మనమే సరిగ్గా అర్థం చేసుకోలేదు" అని వాళ్ళే సర్దుకున్నారు. ఆ మాట విని సారు కూడా నవ్వాడు. నవ్వకుండా ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది.

తొంభై నాలుగు జూన్లో అలివేలమ్మ వచ్చింది. సోమశిల డ్యాము నీళ్ళ పక్కన గుడిసెల్లో ఉంటుంది. వాళ్ళ పాత ఊరు ఆ నీళ్ళ కిందే ఉంది. మొగుడు మస్తానయ్య చేపలు పడతాడు, ఆమె గంపలో ఆత్మకూరు తెచ్చి అమ్ముతుంది. కూతురు సుజాత ఏడో తరగతి పాసయింది. వాళ్ళ పల్లె బడి ఏడుతోనే ఆఖరు.

"అయ్యా, మా పాపకి మీ బోర్డింగులో చోటియ్యాల. చదువుకుంటానని మొండిపట్టు పట్టుకోని ఉండాది. చేపల గంప ముట్టుకోనంటాది" అంది అలివేలమ్మ గుమ్మం దగ్గరే నిలబడి.

బోర్డింగు చూసుకునే హన్నమ్మ అప్పుడు గదిలోనే ఉంది. "చోటు యాడుందమ్మా? ఉండే పిల్లలకే చాలక వరండాలో పండుకుంటా..." అని అంటుండగానే సారు చెయ్యెత్తి ఆపాడు.

"ఉండు హన్నమ్మా. ఎండలో పడి వచ్చినట్టుండాదే, ముందు మజ్జిగ తెప్పించు. కూర్చో అలివేలమ్మా. పాప పేరేంది? సుజాతా? మంచి పేరు. చూద్దాంలేమ్మా. నేను గుర్తు పెట్టుకుంటాను గదా."

అలివేలమ్మ మజ్జిగ తాగి, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటాక హన్నమ్మ ఊరుకోలేదు.

"ఎందుకు సార్ ఆశ పెడతారు? లేదంటే ఇంకో చోటు చూసుకుంటాది గదా."

"అంత దూరం నుంచి వచ్చింది. మొహానే లేదంటే ఏం బాగుంటాది? ఆమెకే అర్థమవుతాదిలే."

"నాకు అర్థమవుతాది సార్. ఆమె చేపలమ్ముకునే మనిషి. ఉంటే ఉండాదంటాది, లేకుంటే లేదంటాది."

సారు ఆ మాట వినీ విననట్టు తర్వాతివాళ్ళని పిలవమన్నాడు. హన్నమ్మ నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. ఆమెతో మాట్లాడి ఏడుస్తూ వెళ్ళిన తల్లులు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఎవరూ వట్టి ఆశతో ఇంటికి వెళ్ళి కూర్చోలేదన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు, సారుకి అసలే తట్టలేదు.

జూలైలో అలివేలమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి పిల్లని వెంటబెట్టుకొచ్చింది. పిల్ల తలకి నూనె పెట్టి, రెండు జడలు వేసి, ఎర్ర రిబ్బన్లు కట్టింది. కొత్త రేకుపెట్టె కూడా తెచ్చారు. ఆ పెట్టె చూసేసరికి, పిల్లని దింపి వెళ్ళడానికే వచ్చారని సారుకి తెలిసింది. అప్పుడైనా చెప్పొచ్చు. పిల్ల కళ్ళెత్తి తననే చూస్తోంది, ఆ కళ్ళలోకి చూస్తూ ఎలా చెప్పాలో ఆయనకు తెలియలేదు. "ఇంకొంచెం ఆగమ్మా, చూద్దాం" అన్నాడు. పిల్ల తల నిమిరాడు కూడా. తల్లీకూతుళ్ళు పెట్టె మోసుకుని బస్టాండు దిక్కు వెళ్ళారు. ఆ తర్వాత వాళ్ళు రాలేదు. అర్థం చేసుకుందిలే అనుకున్నాడు సారు. గుండె తేలికపడింది, నెల తిరక్కముందే మర్చిపోయాడు.

మర్చిపోయినవాణ్ణి సంక్రాంతి సెలవులయ్యాక ఆత్మకూరు రమ్మన్నారు. హెడ్మాస్టర్ల మీటింగు. బడి వాళ్ళు తల్లిదండ్రులతో ఎలా మాట్లాడాలి అనేది ఆ రోజు విషయం. నెల్లూరు నుంచి వచ్చిన ఒక అధికారి పొద్దుట్నించీ అదే చెప్పాడు. చిరునవ్వుతో పలకరించాలట, కూర్చోమనాలట, ఓపిగ్గా వినాలట. అన్ని బడుల మీదా ఏవో ఫిర్యాదులు వస్తాయి, ఉదయగిరి ఆడపిల్లల బడి మీద మాత్రం ఒక్కటీ రాలేదు అంటూ యేసురత్నం సారుని ముందుకి పిలిచాడు. రహస్యమేందో చెప్పమన్నాడు. సారు మెలికలు తిరిగిపోతూ, "వచ్చినవాళ్ళని బాధపెట్టకుండా పంపిస్తే చాలండి" అన్నాడు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. ఆయన దాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టుకుని, ఉదయగిరి బస్సు కోసం బస్టాండుకొచ్చాడు.

"సార్! ఉదయగిరి సార్!"

ఖాళీ గంప పక్కన పెట్టుకుని అలివేలమ్మ కూర్చుని ఉంది. గబగబా లేచింది. పక్కనున్న ఇంకో చేపలామెతో, "చెప్పలా, ఈ సారే. మా పాపకి సీటిస్తానని మాటిచ్చింది ఈయనే" అంది. ఆ గొంతులో కోపమేమీ లేదు. పైగా గర్వం.

మాటిచ్చానా అనుకున్నాడు సారు. ఇవ్వలేదే అని పైకి అనబోయాడు. ఆమె మొహం చూసి మాట మార్చాడు.

"పాప యాడుండాది ఇప్పుడు?" అని అడిగాడు.

"మా ఆడబిడ్డ ఎంబడి సముద్రం దిక్కు పోయింది సార్, రొయ్యలు వలిచే షెడ్డుకి. పొద్దస్తమానం ఐసులో చేతులు పెట్టి పెట్టి వేళ్ళ తోలంతా ఊడిపోతా ఉండాది. ఏం చేసేది, ఇంట్లో ఊరికే యాడ కూర్చోబెట్టేది? కలిగిరిలో మా చెల్లెలుండాది సార్. జూలైలోనే ఆడ హాస్టల్లో చేర్చుకుంటాం, వెంటనే తీసుకోని రమ్మన్నారు. ఉదయగిరి సారు చూస్తానన్నాడు, వేరే చోట చేర్పిస్తే ఆయన ఏమనుకుంటాడో అని నేనే వద్దన్నాను. అంత మర్యాద చేసినారు మీరు, మిమ్మల్ని కాదని ఎట్టా పొయ్యేది?"

సారుకి తల కొట్టేసినట్టయింది. శాలువా ఉన్న సంచిని వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

"అది కూడా పెద్ద బాధ కాదులే సార్" అని ఆమె గొంతు తగ్గించింది. "పాప నాతో మాట్లాడదు. సీటూ లేదు గీటూ లేదు, పనికి పంపేదానికి నువ్వే కల్పించి చెప్పినావు, ఆ సారు ఆగమన్నాడే గానీ ఇస్తానని అనలేదు, అంటాది. నేను పోయినా మొగం తిప్పుకుంటాది. మీరే చెప్పండి సార్, ఎప్పుడు తీసుకోని రమ్మంటారు?"

బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. కండక్టర్లు కేకలేస్తున్నారు. ఆ పాత మాట ఆయన నాలుక చివరికి వచ్చేసింది, అంటే చాలు, ఈ ఆడమనిషి మళ్ళీ దండం పెట్టి ఇంటికి పోతుంది. అంత తేలిక. తన మీద తనకే అసహ్యమేసింది.

"లేదమ్మా" అన్నాడు. "సీటు లేదు. నువ్వు మొదటిసారి వచ్చిన రోజే లేదు."

అలివేలమ్మకి చప్పున అర్థం కాలేదు. "ఆ పొద్దేనా? ఆ పొద్దే లేదా?" అంది.

"లేదు."

"మజ్జిగ ఇచ్చినారు గదా సార్" అంది.

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆ గంప తీసి మొహాన కొట్టినా బాగుండేది. పక్కనున్న చేపలామె వీళ్ళిద్దరినీ చూసి తల తిప్పేసుకుంది. సారు ఏదో చెప్పబోయాడు, క్షమించమనో, ఇంకేదో. అలివేలమ్మ ఆపింది.

"నాకు చెప్పి ఏం లాభం సార్. వచ్చి మా పాపకి చెప్పండి" అంది.

ఆదివారం గుడి మానేసి సారు ఆమెతో బయల్దేరాడు. ఇన్నేళ్ళలో ఆయన ఆరాధన తప్పడం అదే మొదలు. భార్య రూబీ ఎక్కడికని అడిగితే, ఉన్నదున్నట్టు చెప్పడానికి కూడా సిగ్గేసి, పని మీద అన్నాడు. నెల్లూరులో దిగి, ఇంకో బస్సెక్కి, ఆఖర్న ఉప్పుగాలి మొహాన కొట్టేచోట దిగారు. దారిలో ఆయన టీ తాగమంటే అలివేలమ్మ వద్దంది.

సిమెంటు రేకుల షెడ్డు. లోపల నేలంతా నీళ్ళు. బల్లల చుట్టూ ఆడపిల్లలు నిలబడి రొయ్యల తలలు తుంచుతున్నారు. కొందరు సారు బడిలో ఆరో తరగతిలో కూర్చోవాల్సినంత వాళ్ళు. మేస్త్రీతో మాట్లాడి సుజాతని బయటికి పిలిపించుకున్నారు. పిల్ల చేతులు పావడాలో దాచుకుని వచ్చింది. రిబ్బన్లు లేవు, జుట్టు తల వెనక ముడేసుకుంది. అమ్మవైపు చూడలేదు. సారుని చూసి మాత్రం బడిపిల్లలా నిటారుగా నిలబడింది. ఆ నిలబడడం చూసేసరికి సారు మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"సుజాతా, మీ అమ్మ చెప్పిందంతా నిజమే. జూన్లో ఆమె ఒక్కతే నా దగ్గరికి వచ్చినప్పుడు గుర్తు పెట్టుకుంటానని నేనే అన్నాను. మా దగ్గర చోటు లేదని నాకు ఆ రోజే తెలుసు. లేదని చెప్పడానికి మొహమాటపడినాను. ఆ మొహమాటంతోనే మిమ్మల్ని ఆగమన్నాను. తప్పు మీ అమ్మది కాదు, నాది."

"మొహమాటమా సార్?" అంది పిల్ల. అర్థం కాకే అడిగింది.

జీవితమంతా ఆయన అదే తన మంచితనమనుకున్నాడు. ఐసునీళ్ళలో చేతులు నానిన ఆ పిల్ల ముందు దానికి అర్థం చెప్పడం ఆయన వల్ల కాలేదు.

"ఇప్పుడుండాదా సార్ చోటు?"

"లేదు. వచ్చే జూన్లో కూడా మా దగ్గర ఉండదు. రేపు నేనే కలిగిరి పోయి ఆడ హాస్టల్లో అడుగుతాను. ఇస్తారో ఇయ్యరో నాకు తెలీదు. వాళ్ళు ఏది చెప్తే అది వచ్చి నీకు చెప్తాను, లేదన్నా సరే."

పిల్ల ఆ మాటలన్నీ పూర్తిగా వింది. సరే సార్ అంది. ఏడవలేదు. పావడాలోంచి చేతులు బయటికి తీసింది. వేళ్ళు తెల్లగా పాలిపోయి, గోళ్ళ దగ్గర చీరుకుపోయి ఉన్నాయి. తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, పొద్దున ఏమన్నా తిన్నావా?"

అలివేలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తల అడ్డంగా ఊపింది.

"రా, నా గిన్నెలో అన్నముండాది. ఇద్దరికీ చాలతాది" అంది సుజాత.

తల్లీకూతుళ్ళు షెడ్డు గోడ నీడకి వెళ్ళి గిన్నె మూత తీసుకుని కూర్చున్నారు. ఎదురుగా మనిషి నిలబడి ఉంటే, అన్నం ఉన్నా లేకపోయినా తిందురు రండి అనడం మా దిక్కున ఎంత పేదవాళ్ళకైనా అలవాటు. యేసురత్నం సారు ఎండలో అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ ఇద్దరిలో ఒక్కరూ ఆయన్ని పిలవలేదు.